ఒకే డ్రమ్ములో రెండు షూలు, రెండు రకాల అరుగుదల

పాత మారుతి ఓమ్ని వెనక చక్రం ఊడదీసి, తుప్పుతో పట్టేసిన డ్రమ్మును (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె) సుత్తితో చుట్టూ తట్టి లాగితే, లోపల నెలవంకల్లా రెండు బ్రేక్ షూలు కనిపిస్తాయి. చాలా బళ్లలో ముందువైపు షూ లైనింగ్, అంటే డ్రమ్ముకి రాసుకునే పొర, పలచబడిపోయి ఉంటుంది, వెనకవైపుది మందంగానే ఉంటుంది. అది చూసి ఓనర్లు టెన్షన్ పడతారు, క్రితంసారి ఎవరో సరిగ్గా బిగించలేదనుకుంటారు. నిజానికి ఆ తేడా చాలావరకు ఎవరి తప్పూ కాదు.

రెండు షూలనూ నెట్టేది పైనున్న ఒకే వీల్ సిలిండర్, బ్రేక్ ఆయిల్ పీడనంతో రెండు వైపులా పిస్టన్లను తోసే చిన్న గొట్టం. పాస్కల్ సూత్రం ప్రకారం ద్రవంలో పీడనం అన్ని దిక్కులా ఒకటే కాబట్టి రెండు పిస్టన్లూ సమాన బలంతోనే నెడతాయి. తేడా తెచ్చేది డ్రమ్ము తిరిగే దిశ. బండి ముందుకు పోతున్నప్పుడు చక్రం ముందు భాగం పైనుంచి కిందికి దిగుతుంది. కింద యాంకర్‌కి (కదలని ఆధారానికి) ఆనుకున్న ముందు షూని ఆ ఘర్షణే లాక్కుని డ్రమ్ముకి ఇంకా గట్టిగా అదుముతుంది. వెనక షూ దగ్గర డ్రమ్ము పైకి వెళ్తూ షూని లోపలికి తోసేస్తుంది. వాలుగా పట్టుకున్న కర్రను నేలమీద ముందుకి తోస్తే దిగబడుతుంది, వెనక్కి ఈడిస్తే జారిపోతుంది. ఇదీ అంతే.

ఘర్షణ గుణకం 0.4 అనుకుని, షూ కొలతలు లెక్కకి సులువుగా తీసుకుంటే, ముందు షూ ఒత్తిడి 1/(1−0.4), వెనకది 1/(1+0.4) నిష్పత్తిలో వస్తుంది. అంటే 1.4కి 0.6, రెండింతల పైమాటే. రివర్స్‌లో పాత్రలు తారుమారవుతాయి, కానీ బండి రివర్స్‌లో నడిచేది ఎంతసేపని!

లారీల్లో వాడే ఎస్-క్యామ్ బ్రేకుల కథ వేరు. అక్కడ వీల్ సిలిండర్‌కి బదులు క్యామ్, అంటే ‘ఎస్’ ఆకారంలో ఉండి తిరిగే ఇనుప ముక్క, రెండు షూలనూ ఒకే దూరం జరుపుతుంది. ముందు షూ కాస్త అరగగానే బలం రెండో దానివైపు మళ్లుతుంది. కొన్నాళ్లకి రెండూ సమానంగా అరగడం మొదలుపెడతాయి. ఇంత చక్కటి సర్దుబాటు ఒక ఇనుప ముక్క ఆకారం నుంచి రావడం నాకు ఎప్పుడూ అబ్బురమే.

అసలు భయపడాల్సింది ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య తేడా వచ్చినప్పుడు. వీల్ సిలిండర్ చివరనున్న రబ్బరు తొడుగు అంచు వేలితో ఎత్తి చూడండి. లోపల తడిగా ఉంటే ఆయిల్ కారుతోందన్నమాట. ఆయిల్ పీల్చిన లైనింగ్‌ని తుడిచి వాడకూడదు, రెండు చక్రాల షూలూ సెట్టుగా మార్చాల్సిందే. పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకున్నా, హ్యాండ్ బ్రేక్ కేబుల్ వెనక్కి రాకపోయినా ఒక పక్కే అరుగుతుంది. లైనింగ్ రివెట్ల దాకా వస్తే వాటి తలలు డ్రమ్ములో గాట్లు పెడతాయి.

పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ములో దుమ్ముని ఎయిర్ గన్‌తో ఊదకండి, నోటితో అసలే వద్దు. తడి గుడ్డతో తీయండి.