డబుల్ క్లిక్‌కు లొంగని బ్యాచ్ ఫైలు: ఎక్స్‌పీ కాలం నుంచి వచ్చిన చిక్కు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు జిరాక్స్, డీటీపీ షాపుల కంప్యూటర్లలో డెస్క్‌టాప్ మీద ‘ప్రింటర్ క్లియర్’ లాంటి పేరుతో ఒక బ్యాచ్ ఫైలు, అంటే విండోస్‌కు ఇచ్చే ఆజ్ఞలను వరసగా రాసిపెట్టిన చిన్న ఫైలు, ఉండటం మామూలే. లోపల మూడే లైన్లు. ‘నెట్ స్టాప్ స్పూలర్’ ప్రింటింగ్ సర్వీసును ఆపుతుంది. రెండోది విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32లో స్పూల్ కింద ఉన్న ప్రింటర్స్ ఫోల్డరులో ఇరుక్కున్న ఫైళ్లను చెరిపేస్తుంది. ‘నెట్ స్టార్ట్ స్పూలర్’ సర్వీసును మళ్లీ లేపుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖలు సగంలో ఆగిపోయినప్పుడు దాని మీద డబుల్ క్లిక్ కొడతారు. నల్ల విండో మెరిసి మాయమవుతుంది, క్యూ మాత్రం అలాగే ఉంటుంది. చివర ‘పాజ్’ అని ఒక లైను చేర్చి చూస్తే సంగతి బయటపడుతుంది: ‘సిస్టమ్ ఎర్రర్ 5 హ్యాజ్ అకర్డ్. యాక్సెస్ ఈజ్ డినైడ్.’

‘ఎప్పట్నుంచో వాడుతున్న ఫైలేనండి, ఆయ్’ అంటారు షాపువాళ్లు. నిజమే. ఫైలు మారలేదు, దాని కింద ఉన్న విండోస్ మారింది.

విండోస్‌కు ముందు, 1981లో వచ్చిన డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు యూజరు అనే ఊహే లేదు. కీబోర్డు ముందు కూర్చున్నవాడే సర్వాధికారి. విండోస్ 95, 98లలోనూ అంతే. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ అడ్మినిస్ట్రేటర్‌ను, మామూలు యూజరును విడదీసింది గానీ అది ఆఫీసుల సరుకు. ఎన్‌టీ పునాది మీద కట్టిన ఎక్స్‌పీ 2001లో ఇళ్లకూ షాపులకూ వచ్చింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇచ్చిన పేరు నేరుగా అడ్మినిస్ట్రేటర్ల గుంపులో పడేది, అందరూ దాంతోనే పనిచేసేవారు. పశ్చిమ గోదావరిలో మహిళా సంఘాల చేతుల్లో ఈ-సేవ కేంద్రాలు మొదలైంది 2002లో. మండల కేంద్రాల్లో కంప్యూటర్లు పెరిగింది, సర్వీసు కుర్రాళ్లు బ్యాచ్ ఫైళ్లు పెన్‌డ్రైవుల్లో పంచుకున్నదీ ఈ ఎక్స్‌పీ రోజుల్లోనే. అనుమతి అడగాలన్న ఆలోచనే ఆ ఫైళ్లలో లేదు.

2003లో బ్లాస్టర్ లాంటి వార్మ్‌లు (తమంతట తామే పాకే వైరస్‌లు) కంప్యూటర్లను కుదిపేశాయి. 2007 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన విస్టాలో మైక్రోసాఫ్ట్ యూజర్ అకౌంట్ కంట్రోల్ పెట్టింది. అప్పటి నుంచి అడ్మినిస్ట్రేటర్ లాగిన్ అయినా విండోస్ అతనికి రెండు టోకెన్లు, అంటే హక్కుల చీటీలు, తయారుచేస్తుంది: ఒకటి కోత పెట్టింది, ఒకటి పూర్తిది. డబుల్ క్లిక్‌తో తెరిచినవి మామూలుగా కోత పెట్టినదాంతో నడుస్తాయి. రైట్ క్లిక్ కొట్టి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కి, అనుమతి అడిగే పెట్టెలో ఒప్పుకున్నాకే రెండోది చేతికొస్తుంది. అందుకే ‘నాది అడ్మిన్ అకౌంటే కదా’ అన్న వాదన ఇక్కడ చెల్లదు.

ఈ పెట్టె విసుగు భరించలేక చాలామంది యూజర్ అకౌంట్ కంట్రోల్ సెట్టింగ్స్‌లోని స్లైడర్‌ను అడుక్కి లాగేశారు. విండోస్ 7లో అలా చేస్తే యూజర్ అకౌంట్ కంట్రోల్ మొత్తమే ఆగిపోయేది. విండోస్ 8 నుంచి పెట్టె రావడం మాత్రమే ఆగుతుంది. ఒక్క ప్రింటరు ఫైలు కోసం ఈ తాళం తీసేయడం తెలివితక్కువ పని. ఫైలుకు షార్ట్‌కట్ చేసి, ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ టిక్ పెడితే చాలు. బ్యాచ్ ఫైలు ప్రాపర్టీస్‌లో ఆ టిక్ వెతికితే దొరకదు, షార్ట్‌కట్‌కే ఉంటుంది.

ఇక డీటీపీ షాపుల ప్రత్యేక బాధ. పేజీలు కూర్చే 2001 నాటి ప్రోగ్రాము పేజ్‌మేకర్ 7 ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. కొత్త విండోస్‌లో మొరాయిస్తుంటే దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరుస్తారు. ఆ క్షణం నుంచి తెలుగు టైపు పడదు, ఇంగ్లిషు అక్షరాలే వస్తాయి. ఫాంటు పాడైందనుకుని మళ్లీ ఎక్కిస్తారు. కారణం వేరు. విస్టా నుంచి తక్కువ హక్కుల ప్రోగ్రాము ఎక్కువ హక్కుల విండోలోకి కీలు పంపలేదు, దాని కీలను పట్టుకోనూ లేదు. తెలుగు కీబోర్డు ప్రోగ్రాము మామూలుగా తెరుచుకుని, పేజ్‌మేకర్ పై మెట్టు మీద ఉంటే రెండింటికీ మాట కలవదు. ఫోల్డరులోంచి ఫొటో లాక్కొచ్చి పేజీలో వదలడం కుదరకపోవడమూ ఇందువల్లే. రెండూ ఒకే మెట్టు మీద ఉండాలి. పేజ్‌మేకర్ మామూలుగా నడిచే చోట రెండూ కిందే ఉండనివ్వడం మేలు. కుదరకపోతే ఒకే బ్యాచ్ ఫైల్లో రెండు ‘స్టార్ట్’ లైన్లు రాసి, ఆ ఫైలును అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి.

హక్కులిచ్చాక వచ్చే తప్పులు ఇంకో రకం. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన బ్యాచ్ ఫైలు తానున్న ఫోల్డరులో మొదలవదు, సిస్టమ్32లో మొదలవుతుంది. పక్కనే ఉన్న ఫైలు దొరకలేదని ఎర్రర్ వచ్చేది అందుకే. అసలు ప్రమాదం మరోటి. ఒక లైనులో డీ డ్రైవుకు వెళ్లి, తర్వాతి లైనులో అన్నీ చెరిపేయమని రాశారనుకోండి. ఆ రోజు డ్రైవు కనబడకపోతే మొదటి లైను విఫలమవుతుంది, చెరిపే ఆజ్ఞ సిస్టమ్32లోనే అమలవుతుంది. చాలా ఫైళ్లకు విండోస్ కాపలా ఉంది గానీ అన్నింటికీ లేదు. విరుగుడుగా మొదట్లోనే ‘సీడీ /డీ "%~డీపీ0"’ (ఈ ఫైలున్న ఫోల్డరుకే వెళ్లమని) అని రాయాలి, చెరిపే ‘డెల్’ లైన్లలో పూర్తి దారి ఇవ్వాలి.

తణుకు, మండపేట వైపు రైస్ మిల్లుల లెక్కల గదుల్లో బ్యాకప్ తరచూ జెడ్ అనే నెట్‌వర్క్ డ్రైవుకు పోతుంది. హక్కులు పెంచిన స్క్రిప్టుకు ఆ జెడ్ కనబడదు, ఎందుకంటే అది కోత టోకెన్ సెషన్‌లో కట్టిన డ్రైవు. స్క్రిప్టులోనే ‘నెట్ యూజ్’తో మళ్లీ కట్టాలి, లేదా సర్వరు పేరుతో పూర్తి దారి ఇవ్వాలి. ఫైళ్లు కాపీ చేయడానికి అసలు అడ్మిన్ హక్కు అవసరమా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. చాలావరకు అక్కర్లేదు.

బ్యాకప్‌ను, వేళకు పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌కు అప్పగిస్తే ఇంకో మెలిక. కండిషన్స్‌లో ‘ఏసీ పవర్ ఉంటేనే మొదలుపెట్టు’ అన్న టిక్ ముందే ఉంటుంది. యూఎస్‌బీ వైరు తగిలించిన యూపీఎస్‌ను విండోస్ బ్యాటరీగా లెక్కిస్తుంది, కరెంటు పోయిన వేళ పని మొదలుకాదు. కోతలున్న ఊళ్లో ఆ టిక్ తీసేయాలి. ‘రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలేజెస్’ టిక్ పెట్టిన పని ఏ పెట్టే చూపకుండా నడుస్తుంది, కాబట్టి దాని బ్యాచ్ ఫైలు ఎక్కడుందో చూడాలి. సీ డ్రైవులో నేరుగా చేసిన ఫోల్డరులోకి మామూలు యూజరు కూడా రాయగలడు. అంటే ఆ ఫైలును ఎవరు మార్చినా వాళ్ల ఆజ్ఞే పూర్తి హక్కులతో నడుస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ కింద పెట్టడం మంచిది.

కొన్ని స్క్రిప్టులు తమకు హక్కుందో లేదో ‘నెట్ సెషన్’తో పరీక్షించుకుని, లేకపోతే తమను తామే పై హక్కులతో మళ్లీ తెరుచుకుంటాయి. స్పీడు కోసమని ‘సర్వర్’ అనే విండోస్ సర్వీసును (‘నెట్ సెషన్’ ఆధారపడేది దాని మీదే) ఆపేసిన కంప్యూటర్లో ఆ పరీక్ష ఎప్పుడూ విఫలమే, విండో మీద విండో తెరుచుకుంటూ పోతుంది. అక్కడ అడ్మిన్ హక్కుంటేనే నడిచే ‘ఎఫ్‌ఎల్‌టీఎంసీ’ ఆజ్ఞతో పరీక్షించడం నయం. అలా మళ్లీ తెరుచుకోవడానికి పాతవాళ్లు వీబీస్క్రిప్ట్ అనే స్క్రిప్టు భాష వాడేవారు. దాన్ని క్రమంగా తీసేస్తామని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించింది గనుక పవర్‌షెల్ ‘స్టార్ట్-ప్రాసెస్’కు ‘-వెర్బ్ రన్‌యాజ్’ తగిలించడమే ఇప్పటి దారి.

ఏ దారిన అడిగినా వచ్చే నీలం పెట్టెలో ‘విండోస్ కమాండ్ ప్రాసెసర్, వెరిఫైడ్ పబ్లిషర్: మైక్రోసాఫ్ట్ విండోస్’ అని ఉంటుంది. ఆ భరోసా కమాండ్ ప్రాంప్ట్‌కే, లోపల నడిచే మీ ఫైలుకు కాదు. ‘షో మోర్ డీటెయిల్స్’ నొక్కితేనే ఏ ఫోల్డరులోని ఏ ఫైలో కనబడుతుంది. ఎవరో పంపిన బ్యాచ్ ఫైలైతే ‘యెస్’ నొక్కే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవాలి.