అపోహలు – వాస్తవాలు: బీఎంఎస్ పెట్టినా కరెంటు బిల్లు ఎందుకు దిగదు?

బీఎంఎస్ (బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్: ఏసీ, ఫ్యాన్లు, పంపులను కంప్యూటర్‌తో నడిపే ఏర్పాటు) బిగించిన ఆఫీసు బిల్డింగుల నుంచి ఏడాది తిరిగేసరికి వచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే: "లక్షలు పోశాం, బిల్లు దిగలేదు." కంగారు పడకండి, మీరు మోసపోయి ఉండకపోవచ్చు. చాలాచోట్ల సామాను బాగానే ఉంటుంది, దాని మాట మోటారు దాకా వెళ్లదు, అంతే.

అపోహ: బీఎంఎస్ ఉంటే ఆదా దానంతటదే జరుగుతుంది

జరగదు. అది కొలుస్తుంది, ఆదేశం ఇస్తుంది. ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి గదులకు పంపే ఫ్యాన్ యూనిట్) ప్యానెల్ మీద సెలెక్టర్ స్విచ్ 'ఆటో'లో కాకుండా 'హ్యాండ్'లో ఉంటే ఆ ఆదేశం గాలికి పోయినట్టే. ఎవరో ఉక్కపోస్తోందన్న రోజున టెక్నీషియన్ స్విచ్ తిప్పుతాడు, ఫ్యాన్ వేగాన్ని తగ్గించి పెంచే వీఎఫ్‌డీని బైపాస్‌లో పెడతాడు. ఫిర్యాదు ఆగుతుంది, స్విచ్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఇక ఆ ఫ్యాన్ రాత్రీ పగలూ 50 హెర్ట్జ్ మీదే తిరుగుతుంది. 40 హెర్ట్జ్‌కు దించితే లెక్క ప్రకారం సగం పవర్ చాలు, ఎందుకంటే ఫ్యాన్‌కు కావాల్సిన పవర్ వేగం ఘనాన్ని బట్టి మారుతుంది: వేగం 0.8 వంతైతే 0.8 × 0.8 × 0.8 అంటే 0.51. డక్ట్ ప్రెజర్ సెట్‌పాయింట్ (గాలి గొట్టాల్లో ఉండాలని పెట్టే ఒత్తిడి) అనవసరంగా ఎక్కువ పెడితే అంత ఆదా రాదు, అయినా వదులుకునే మొత్తం కాదు.

కాబట్టి ఆదివారం రాత్రి, బిల్డింగ్ ఖాళీగా ఉన్నప్పుడు, ప్యానెళ్లన్నీ ఒకసారి తిరిగి చూడండి. ఏ ఫ్యాన్ తిరుగుతోంది, ఏ స్విచ్ హ్యాండ్‌లో ఉంది, రాసుకోండి. స్క్రీన్‌ను నమ్మొద్దు. కొన్నిచోట్ల అది ఇచ్చిన ఆదేశాన్నే చూపిస్తుంది, మోటారు ఏం చేస్తోందో చూపించదు.

తర్వాత వాల్వులు. చిల్డ్ వాటర్, అంటే చిల్లర్ అనే యంత్రం చల్లబరిచిన నీళ్లు, వాల్వు గుండా ఏహెచ్‌యూలోని కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట)కు 7 డిగ్రీల్లో వెళ్లి 12, 13లో తిరిగి రావాలి. తేడా 3 డిగ్రీలకు పడిపోయిందంటే నీళ్లు పని చేయకుండానే తిరుగుతున్నాయి. పంపులు ఎక్కువ తోడాలి, లోడు లేకపోయినా రెండో చిల్లర్ ఆన్ అవుతుంది. కారణం కాయిల్‌కు పట్టిన మట్టి కావచ్చు, మూసుకోని వాల్వు కావచ్చు. తేల్చడం తేలిక: ఫ్యాన్ నడుస్తుండగా బీఎంఎస్ నుంచి వాల్వుకు 0 శాతం ఇచ్చి పావుగంట ఆగండి. కాయిల్ దాటాక గాలి వేడెక్కి, కాయిల్‌కు ముందున్న గాలి ఉష్ణోగ్రతకు దగ్గరపడాలి. ఇంకా చల్లగానే వస్తోందంటే వాల్వు లీకవుతోంది, లేదా వాల్వును తిప్పే యాక్చువేటర్ లింకేజీ జారింది. చిల్లర్ మార్చాలని కొటేషన్ తెప్పించుకునే ముందు ఈ పరీక్ష చేయించండి.

అపోహ: చిల్డ్ వాటర్ ఉష్ణోగ్రత ఎంత పెంచితే అంత లాభం

ఒక్కో డిగ్రీకి చిల్లర్ కరెంటులో సుమారు 2–3 శాతం తగ్గుతుంది, నిజమే. హైదరాబాద్ చలికాలంలో ధైర్యంగా పెంచొచ్చు. విశాఖలో వానాకాలంలో అదే పని చేస్తే కాయిల్ తేమను పిండలేదు, గది 24 డిగ్రీలున్నా జిడ్డుగా ఉంటుంది. గాలిలో సాపేక్ష తేమ (ఆర్‌హెచ్) 60 శాతం దాటకుండా చూస్తూ పెంచండి.

అపోహ: ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ మూసేస్తే ఆదా

బయటి గాలిని లోపలికి వదిలే ఆ డ్యాంపర్ మూస్తే మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్ గదిలో పేరుకుంటుంది. మధ్యాహ్నం మీటింగ్ రూముల్లో అందరూ తూగేది భోజనం వల్లే అనుకోకండి. కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ పెట్టి 800–1000 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు ఇన్ని) మధ్య డ్యాంపర్ తెరుచుకునేలా చేస్తే జనం లేనప్పుడు గాలి తగ్గుతుంది, ఉన్నప్పుడు పెరుగుతుంది. సెన్సర్‌ను అప్పుడప్పుడు ఆరుబయట పెట్టి చూడండి. 420 పీపీఎం దరిదాపుల్లో చూపించాలి. 24 గంటలూ మనుషులుండే కాల్ సెంటర్లలో సెన్సర్ తనంతట తాను రీడింగు సరిచేసుకునే ఆటో కాలిబ్రేషన్ ఆపేయండి. కొన్ని రోజులకు ఒకసారైనా గది ఖాళీ అయి గాలి బయటి స్థాయికి వస్తుందని నమ్మి పనిచేసే ఏర్పాటు అది.

మిగతావి

ఏసీని 18లో పెడితే గది త్వరగా చల్లబడదు. మామూలు ఏసీ అదే వేగంతో పనిచేస్తూ ఎక్కువసేపు నడుస్తుంది. లైట్ల మోషన్ సెన్సర్ వేడి కదలికను మాత్రమే గమనిస్తుంది, మిమ్మల్ని ఫోటో తీయదు. ఇంటర్నెట్ పోతే బిల్డింగ్ ఆగిపోతుందన్నది ఒట్టి పుకారు: కంట్రోలర్లలో ప్రోగ్రామ్ ఉంటే అవి స్థానికంగానే నడుస్తాయి. అన్నీ క్లౌడ్‌లోనే పెడతామన్న వెండర్‌ను మాత్రం ఈ ప్రశ్న ముందే అడగండి. పాత బిల్డింగులకు బీఎంఎస్ పనికిరాదన్నదీ తప్పే. అక్కడ ముందుగా చిల్లర్‌కు, పంపులకు, ఏహెచ్‌యూలకు విడివిడిగా ఎనర్జీ మీటర్లు పెట్టించి ఒక నెల రీడింగులు తీయండి, సెన్సర్లు ఎక్కడ కావాలో ఆ తర్వాతే తేలుతుంది.