ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తోంది? దోస్త్, ఎప్‌సెట్ అడ్మిషన్ల మీద అపోహలు - వాస్తవాలు

దేవరకొండలో నాకో చిన్న నెట్ సెంటర్ ఉంది. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన మర్నాటి నుంచి డిండి, చింతపల్లి, చందంపేట వైపు ఊళ్ల నుంచి పిల్లలు, వాళ్ల నాయనలు దిగుతూనే ఉంటారు. ప్రతి ఒక్కరూ ఎవరో చెప్పిన మాట ఒకటి పట్టుకునే వస్తారు. దోస్త్ అంటే తెలంగాణలో డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్, ఎప్‌సెట్ అంటే ఇంజనీరింగ్ లాంటి సీట్లకు రాసే ప్రవేశ పరీక్ష. దరఖాస్తు నింపడానికి పావుగంట చాలు, ఆ మాట వదిలించడానికే గంట పడుతుంది.

అపోహ: "ఆప్షన్ల వరుసలో పెద్ద కాలేజీ పైన పెడితే, అదీ రాదు, కిందిదీ పోతుంది."

వాస్తవం: అట్లా ఏం పోదు. కంప్యూటర్ ముందు మెరిట్ చూస్తుంది. ఎప్‌సెట్‌లో అయితే ర్యాంకు, దోస్త్‌లో అయితే ఇంటర్ మార్కులు. మీ వంతు రాగానే మీ మొదటి ఆప్షన్‌లో ఖాళీ ఉందా అని చూస్తుంది, లేకపోతే రెండోది, తర్వాత మూడోది. మొదటిది దొరకలేదని రెండోదాంట్లో మీరు ఎవరి వెనక్కీ పోరు.

ఒకమ్మాయికి వనపర్తి జేఎన్‌టీయూ కాలేజీ అంటే ఇష్టం. "మనకెక్కడ వస్తుంది అన్నా" అంటూ దాన్ని ఐదో నంబరులో పెట్టించింది. ఒకటో నంబరు ప్రైవేటు కాలేజీ వచ్చేసింది. తీరా చూస్తే అదే బ్రాంచిలో, అదే కేటగిరీలో ఆమె కంటే వెనక ర్యాంకు వాళ్లకు వనపర్తిలో సీటు వచ్చింది. ఐదో నంబరు దాకా కంప్యూటర్ పోనే లేదు మరి. అప్పటి నుంచి ముందు తెల్లకాగితం మీద వరుస రాసి తెమ్మంటున్నా. నచ్చింది పైన, కచ్చితంగా వస్తుందనుకున్నది అడుగున.

ఎప్‌సెట్ రెండో విడతలో మాత్రం జాగ్రత్త. "ఉన్న సీటు ఎటూ ఉంది, ఊరికే పెట్టి చూద్దాం" అంటారు. కొత్తది వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. చేతిలో ఉన్నదాని కంటే మంచిదనిపించినవే పెట్టండి.

అపోహ: "ఇంటర్‌లో మార్కులు దండిగా ఉంటే ఎప్‌సెట్ ర్యాంకు పెరుగుతుంది."

వాస్తవం: ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఇచ్చే 25 శాతం వెయిటేజీని 2023లోనే తీసేశారు. ఇప్పుడు అర్హతకు ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకు 45, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం మార్కులుంటే చాలు.

అపోహ: "కాలేజోళ్లే ఇంటికొచ్చి అన్నీ చేస్తున్నారు, మనకెందుకు టెన్షన్."

వాస్తవం: నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఒక పిల్లాడు నల్లగొండ ఎన్‌జీ కాలేజీలో డిగ్రీ చేద్దామని నా దగ్గరికొచ్చాడు. హాల్‌టికెట్ నంబరు కొడితే దోస్త్‌లో రిజిస్ట్రేషన్ అప్పటికే అయిపోయి ఉంది. వారం కిందట ఏదో ప్రైవేటు కాలేజీ పీఆర్‌ఓ (పిల్లల్ని చేర్పించే మనిషి) బైక్ మీద ఊరికొచ్చి, ఆధార్ తీసుకుని, ఓటీపీ అడిగి, తమ కాలేజీ ఒక్కటే ఆప్షన్‌గా పెట్టి పోయాడు. పిల్లాడికి దోస్త్ ఐడీ తెలియదు, పిన్ తెలియదు. హెల్ప్‌లైన్ సెంటర్ చుట్టూ తిరిగి సరిచేయించుకునే సరికి మొదటి విడత దాటిపోయింది.

"నీ ఫోన్ నంబరే పెట్టరాదూ అన్నా" అని నాతో అనేవాళ్లూ ఉన్నారు. నేను పెట్టను. ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తే దరఖాస్తు వాళ్ల చేతిలో ఉన్నట్టే. నాయన దగ్గర బటన్ ఫోన్ ఉన్నా ఫర్వాలేదు, ఓటీపీ వచ్చేది మెసేజే కదా.

అపోహ: "ఫీజంతా గవర్నమెంటే కడుతుంది."

వాస్తవం: కాలేజీ సొంతంగా నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాకు, చివర్లో మిగిలిన సీట్లకు చేసే స్పాట్ అడ్మిషన్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఇంజనీరింగ్‌లో కన్వీనర్ సీటు (కౌన్సెలింగ్‌లో ర్యాంకు మీద ఇచ్చేది) వచ్చినా, బీసీ పిల్లలకు ర్యాంకు 10,000 దాటితే మామూలుగా ఏడాదికి 35,000 రూపాయల వరకే వస్తుంది. ఫీజు లక్ష ఉంటే మిగతా 65,000 ఇంట్లోంచి తియ్యాల్సిందే. ఆప్షన్ పెట్టేటప్పుడే కాలేజీ పేరు పక్కన ఫీజు కూడా రాసుకోండి. ఆదాయం సర్టిఫికెట్ కొత్తది కావాలి, కాబట్టి మీసేవలో ముందే పెట్టుకోండి.

ఇంకొకటి. సీటు వచ్చిందని మెసేజ్ రాగానే స్వీట్లు పంచి, సెల్ఫ్ రిపోర్టింగ్ (ఈ సీటు నాకు కావాలని ఆన్‌లైన్‌లో చెప్పడం) మర్చిపోతారు. గడువులోగా అది చేయకపోతే సీటు పోయినట్టే. చివరి రోజు సాయంత్రం అందరూ ఒక్కసారే వస్తారు, సర్వర్ గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఒకరోజు ముందే, పొద్దున్నే రండి. ఓటీపీ వచ్చే ఫోన్ ఇంట్లో వదిలి రాకండి.