మణికట్టు మీద తాడు: సయాంలో చైనీయుల తొలి శతాబ్దాలు

బ్యాంకాక్‌లో యావరాత్ రోడ్డు మీద బంగారు కొట్లు వరసగా ఉంటాయి. బోర్డులు చైనా లిపిలో ఉంటాయి కానీ, కొట్లో కూర్చున్న మనిషి మాట్లాడేది థాయ్, పేరు కూడా థాయ్ పేరే. వీళ్ళు థాయ్‌లా, చైనీయులా అన్న ప్రశ్న ఇరవయ్యో శతాబ్దంలో ఆ దేశ రాజకీయాలను చాలాకాలం వేధించింది. అంతకుముందు సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) రాజ్యానికి ఈ విషయంలో ఏ ఇబ్బందీ లేదు. మనిషి మణికట్టు చూస్తే తెలిసిపోయేది. ఆ కథ తెలియకపోతే తర్వాతి గొడవలేవీ అర్థం కావని నా అభిప్రాయం.

1351లో చావో ఫ్రాయా నది ఒడ్డున అయుత్థయ రాజధాని అయింది. మన అయోధ్య పేరే అది. అప్పటికే చైనా ఓడలు సయాం సింధుశాఖకు వచ్చిపోతున్నాయి. కొద్దికాలానికి, 1371లో, చైనాలో మింగ్ చక్రవర్తి ప్రైవేటు సముద్ర వ్యాపారాన్ని నిషేధించాడు. దాంతో దొంగచాటుగా వెళ్ళినవాడు తిరిగొస్తే శిక్ష తప్పదు, అందుకని చాలామంది వెళ్ళినచోటే ఉండిపోయారు. కప్పం పేరుతో ఓడలు పంపితే మాత్రం చైనా రేవుల్లోకి రానిచ్చేవారు. సయాం రాజులు దీన్ని బాగా వాడుకున్నారు. మిరియాలు, దంతం, ఎర్రరంగు తీసే సప్పన్ చెక్క నింపిన రాజుగారి ఓడలను నడిపింది, రేవులో దుబాసీలుగా నిలబడింది ఈ చైనీయులే.

పదిహేనో శతాబ్దం మొదట్లో మింగ్ నౌకాధిపతి జెంగ్ హ దళంతో వచ్చిన దుబాసీ మా హువాన్, సయాంలో చిన్నా పెద్దా బేరాలన్నిటిలో భార్యల మాటే చెల్లుతుందని ఆశ్చర్యపోతూ రాశాడు. ఒంటరిగా వచ్చిన చైనా వ్యాపారికి ఇది కలిసొచ్చింది. చైనా ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో రావడం పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా మొదలవలేదు. అంతకాలమూ వలస వచ్చినవాళ్ళు స్థానిక స్త్రీలనే పెళ్ళాడారు. బజారు, భాష, చుట్టరికం అన్నీ ఆమె వైపు నుంచే వచ్చాయి. ఈ వలస చరిత్రలో ఆ ఆడవాళ్ళ పేర్లు దాదాపు ఎక్కడా కనబడవు, అదే నాకు బాధ కలిగించే సంగతి. వాళ్ళ పిల్లలను థాయ్ భాషలో ‘లూక్ చిన్’ అంటారు, అంటే చైనీయుడి బిడ్డ అని.

విదేశీ వ్యాపారం చూసే శాఖను అయుత్థయ రెండుగా చీల్చింది. ఎడమ రేవు శాఖ తూర్పు నుంచి వచ్చే ఓడలది, దానికి అధికారి చైనీయుడు. కుడి రేవు శాఖ పడమటి వ్యాపారులది, దానికి అధికారి ముస్లిం. మచిలీపట్నంలో ఓడకెక్కిన అద్దకం బట్టలు ఈ కుడి శాఖ కిందికే చేరేవి.

అసలు కీలకం వెట్టిలో ఉంది. మామూలు థాయ్ రైతు ఎవరో ఒక దొర కింద నమోదై ఉండాలి. అయుత్థయ కాలంలో ఏడాదికి ఆరు నెలలు రాజ్యానికి ఊరికే పనిచేయాలి. ఎవరి మనిషో తెలిసేలా అతని మణికట్టు మీద పచ్చబొట్టు పొడిచేవారు. సొంతూరు వదిలి సరుకు మోసుకుని తిరగడం అతనికి కుదిరే పని కాదు. చైనీయుడికి ఈ వెట్టి లేదు. కావలసిన చోటికి పోవచ్చు, కొట్టు పెట్టుకోవచ్చు, కూలికి కుదరవచ్చు. చైనీయులకు వ్యాపారం రక్తంలోనే ఉందనీ, థాయ్‌లకు చేతకాదనీ చెప్పే మాట నేను ఒప్పుకోను. ఒకడి కాళ్ళు కట్టేసి ఇంకొకడిని వదిలేస్తే ఎవడు నడుస్తాడో చెప్పడానికి రక్తం దాకా పోనక్కర్లేదు.

1767లో బర్మా సైన్యం అయుత్థయను తగలబెట్టింది. రాజ్యాన్ని మళ్ళీ నిలబెట్టిన తక్సిన్ ఒక లూక్ చిన్. తండ్రి దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్‌లోని చెంగ్‌హై ప్రాంతపు తియోచ్యూ (తమదైన యాస ఉన్న ఒక చైనా వర్గం) మనిషి, తల్లి థాయ్. యుద్ధం తర్వాతి కరువులో చైనా వ్యాపారుల ఓడల మీద వచ్చిన బియ్యాన్ని తక్సిన్ ఎక్కువ ధర పెట్టి కొని జనానికి పంచాడు. ఆ తర్వాత తియోచ్యూ వాళ్ళ వలస బాగా పెరిగింది. 1782లో తక్సిన్‌ను తప్పించి రాజైన మొదటి రాముడు (ఆ వంశపు రాజులందరినీ రాముడనే పేరుతో లెక్కిస్తారు) నది తూర్పు ఒడ్డున రాజభవనం కట్టదలచి, అక్కడున్న చైనా వ్యాపారులను సంపేంగ్‌కు తరలించాడు. నేటి చైనాటౌన్‌కు మొదలు అదే. అదే రాజు బీజింగ్‌కు రాసిన లేఖల్లో మాత్రం తక్సిన్ వాడిన ‘జెంగ్’ అనే చైనా ఇంటిపేరునే తనకూ పెట్టుకున్నాడు!

ఇక ఆ తాడు సంగతి. వెట్టి లేనందుకు బదులుగా పంతొమ్మిదో శతాబ్దంలో చైనీయుల మీద తలపన్ను వేశారు. మూడేళ్ళకోసారి నాలుగు బాత్‌ల పైచిలుకు కట్టాలి. కట్టినవాడి మణికట్టుకు తాడు కట్టి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వేసేవారు. తాడు నామోషీ అనుకున్నవాళ్ళు ఇంకాస్త ఎక్కువ చెల్లించి తప్పించుకునేవారు. లూక్ చిన్ కుర్రాడు పెద్దవాడయ్యాక చైనా మగవాళ్ళలా జడ పెంచుకుని తలపన్ను కడితే చైనీయుడు, పచ్చబొట్టు పొడిపించుకుని వెట్టికి వెళితే థాయ్. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళు చెరో వైపూ వెళ్ళే వీలుండేది.

ఈ ఏర్పాటు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూలిపోయింది. వెట్టి స్థానంలో సైనిక సేవ, డబ్బు పన్ను వచ్చాయి. 1910లో చైనీయులు కూడా థాయ్‌లతో సమానంగా ఏటా పన్ను కట్టాలన్నారు. జూన్‌లో బ్యాంకాక్ చైనీయులు మూడు రోజులు కొట్లు మూసేశారు, నగరం స్తంభించిపోయింది. చైనీయుడికి పుట్టినవాడు ఎక్కడున్నా తమవాడేనని అంతకు ముందే, 1909లో, చైనా చట్టం చేసింది. 1913లో సయాం కూడా జాతీయత చట్టం తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఆరో రాముడు చైనీయులను ‘తూర్పు దేశపు యూదులు’ అంటూ రాశాడు. అతని పూర్వీకులు బీజింగ్‌కు జెంగ్ పేరుతో చివరి కప్పం ఓడ పంపి అప్పటికి అరవై ఏళ్ళే అయింది.