గేటు స్తంభంగా బతికిన శిలువ

నైరుతి ఇంగ్లండులో, కార్న్‌వాల్, డెవాన్ ప్రాంతాల్లో, దారి పక్కన మధ్యయుగాల నాటి రాతి శిలువలు కనిపిస్తాయి. కార్న్‌వాల్‌లో మిగిలిన పాత రాతి శిలువలే 400కు పైగా ఉన్నాయి. వీటి సంరక్షణ ప్రస్తావన వస్తే ఒకటే పేచీ: పశువులు ఒళ్లు రుద్దుకునే చోట అలాగే వదిలేయాలా, చర్చి ఆవరణలోకి తెచ్చి భద్రం చేయాలా? రాయి తన చోటనే ఉండాలన్నది పురావస్తు నిపుణుల వాదన. సబబే. కానీ చాలా శిలువల విషయంలో ఆ ‘తన చోటు’ ఏదో తేల్చడమే కష్టం.

డెవాన్‌లోని డార్ట్‌మూర్ విశాలమైన బీడు. పొగమంచు కమ్మితే దారి తెలియదు, అడుగు తప్పితే బురదనేల. బక్‌ఫాస్ట్, టావిస్టాక్ మఠాల సన్యాసులకూ, శవాన్ని చర్చికి మోసుకెళ్లే ఊరివాళ్లకూ శిలువే ఆనవాలు. ఆగి ప్రార్థించుకునే చోటు కూడా అదే. గ్రానైటు ఓ పట్టాన ఉలికి లొంగదు కనుక ఇక్కడి శిలువలు మొరటుగా ఉంటాయి. కార్న్‌వాల్‌లో మాత్రం చక్రం లాంటి తల, కొన్నింటిపై చేతులు చాచిన క్రీస్తు రూపం కూడా చెక్కారు.

డార్ట్‌మూర్‌లోని నన్స్ క్రాస్ అనే శిలువ 1240 నాటి సరిహద్దు పత్రంలోనే ఉంది. ఏడడుగులకు పైగా ఎత్తు. 1846లో పడిపోయి విరిగింది. రెండేళ్లకు ఇనుప పట్టీలతో అతికించి నిలబెట్టారు.

అసలు దెబ్బ అంతకు చాలా ముందే తగిలింది. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేయడంతో 1539లో బక్‌ఫాస్ట్ మూతపడింది. 1643లో పార్లమెంటు, బహిరంగ స్థలాల్లోని శిలువలను సైతం తొలగించాలని ఆదేశించింది. దాని దృష్టిలో అప్పటికి అవి విగ్రహారాధన గుర్తులు. చాలా వాటి తలలు ఎగిరిపోయాయి. మిగిలినవాటిలో కొన్నింటిని కాపాడింది భక్తి కాదు, రైతు అవసరం. నిలువెత్తు గ్రానైటు రాయిని ఎవరు వదులుకుంటారు? గేటు స్తంభాలుగా, కాలువ మీద పలకలుగా, గోడల్లో రాళ్లుగా వాడుకున్నారు. డార్ట్‌మూర్‌లోని బెన్నెట్స్ క్రాస్ మీద ‘డబ్ల్యూబీ’ అక్షరాలున్నాయి. ‘వారెన్ బౌండ్స్’, అంటే కుందేళ్లు పెంచే భూమికి హద్దు అని అర్థం. శిలువగా పనికిరానిది హద్దురాయిగా పనికొచ్చింది.

19వ శతాబ్దంలో పురావస్తువుల మీద మోజు పెరిగాక, పాదరీలూ భూస్వాములూ ఈ రాళ్లను వెతికి తీసి, తమకు తోచిన చోట నిలబెట్టారు. నేడు 1979 నాటి పురాతన కట్టడాల చట్టం కింద నమోదైన శిలువను, మరమ్మతుకైనా సరే, అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. ఆ రక్షణ అది ఇప్పుడున్న చోటికే తప్ప, మొదట నిలిచిన చోటికి కాదు.

గేటు స్తంభంగా పనిచేసిన శిలువల్లో కొన్నింటికి కమ్మీల కోసం తొలిచిన రంధ్రాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని సున్నంతో పూడ్చి ‘పాత రూపం’ తెస్తామనేవారు ఉంటారు. నన్నడిగితే పూడ్చకూడదు. ఆ రంధ్రం పడబట్టే కదా రాయి మిగిలింది.