సరిచూస్తే సరిపోయిన తప్పు జవాబు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పంపిన హోంవర్కు పేజీలు నిన్న రాత్రి తీరిగ్గా చూశాను. మూడో లెక్కకు మీ ఇద్దరికీ వేర్వేరు జవాబులు వచ్చాయనీ, పుస్తకం చివర ఇచ్చినది ఆ రెండింటిలో ఏదీ కాదనీ రాశారు. ఆ ఒక్క లెక్కలోనే నేర్చుకోవలసినది చాలా ఉంది కనుక, ముందు దాని సంగతి చూద్దాం.

ఒక దీర్ఘచతురస్రం పొడవు దాని వెడల్పు రెట్టింపు కంటే 3 సెంటీమీటర్లు ఎక్కువ. చుట్టుకొలత 48 సెంటీమీటర్లు. పొడవు, వెడల్పులు కనుక్కోవాలి. వెడల్పులో ఎన్ని సెంటీమీటర్లు ఉన్నాయో ఆ సంఖ్యను ‘వ’ అనుకుందాం. మీ పుస్తకంలో ఎక్స్ అని ఉంటుంది, ఏ అక్షరమైనా ఒకటే. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యులు తెలియని రాశిని ‘యావత్తావత్’ అని, దాన్నే కురచగా ‘యా’ అని రాసేవారు. అయితే ఆ అక్షరం దేని కొలతో మొదటి వరుసలోనే రాసి పెట్టుకోవాలి. మీ ఇద్దరి కాగితాల్లోనూ ఆ వరుస లేదు.

పొడవు 2వ + 3 (2వ అంటే 2 × వ) కనుక చుట్టుకొలత 2(వ + 2వ + 3), అంటే 2(3వ + 3) = 48. పెద్దవాడా, నువ్వు దీని కింద 6వ + 3 = 48 అని రాశావు; బయట ఉన్న 2తో బ్రాకెట్‌లోని మొదటి పదాన్ని గుణించి రెండోదాన్ని వదిలేశావు. దాంతో వెడల్పు 7.5, పొడవు 18 వచ్చాయి. ఆ కొలతలతో చుట్టుకొలత మళ్లీ కట్టి చూస్తే 51 వస్తుంది, కావలసిన దానికంటే సరిగ్గా 3 ఎక్కువ. నువ్వు వదిలేసిన 3 అక్కడ బయటపడింది. సరిచూస్తే దొరికిపోయే తప్పు కనుక దానికి నేను పెద్దగా బెంగపడను.

చిన్నతల్లీ, నీ పొరపాటు అంత సులువుగా దొరకదు. పొడవును 2(వ + 3) అని రాశావు, అంటే ముందు 3 కలిపి తర్వాత రెట్టింపు చేశావు. లెక్క చెప్పినదేమో ముందు రెట్టింపు చేసి ఆ తర్వాత 3 కలపమని. నీకు వెడల్పు 6, పొడవు 18 వచ్చాయి, వాటి చుట్టుకొలత 48 అని సరిచూసుకుని పక్కన టిక్కు కూడా పెట్టావు. చుట్టుకొలత నిజంగానే సరిపోయింది. కానీ 6కు రెట్టింపు 12, దానికి 3 కలిపితే 15. నీ పొడవు 18. తప్పుగా కట్టిన సమీకరణం కూడా తన జవాబుకు తానే సాక్ష్యం చెబుతుంది కనుక, సరిచూసేటప్పుడు మనం రాసుకున్న సమీకరణాన్ని పక్కన పెట్టి, లెక్కలోని మాటల దగ్గరికే తిరిగి వెళ్లి ఒక్కొక్క షరతునూ విడివిడిగా చూడాలి. అసలు సమీకరణం 6వ + 6 = 48; వెడల్పు 7, పొడవు 17; రెండు షరతులూ నిలుస్తాయి.

‘అటు పక్కకు పోతే గుర్తు మారుతుంది’ అని ఇద్దరూ అంచున రాసుకున్నారు. ఆ వాక్యం నాకు మొదటినుంచీ నచ్చదు. పదాలు ఎక్కడికీ పోవు. 6వ + 6 = 48లో రెండు పక్కల నుంచీ 6 తీసేస్తాం, అందువల్ల ఎడమ పక్క 6 పోయి కుడి పక్క 42 మిగులుతుంది. 9వ శతాబ్దపు గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ ‘అల్ జబ్ర్’ అన్నది ఇటువంటి పనినే: తీసివేతగా ఉన్న పదాన్ని రెండు పక్కలా కలిపి లోటు పూడ్చడం. ఆల్జీబ్రా అనే మాట దాని నుంచే వచ్చింది. కారణం తెలియకుండా సూత్రాన్ని బట్టీ పట్టినవారు 6వ = 42 దగ్గర కూడా 6ను అటు పంపి 42 − 6 అని రాస్తారు, అక్కడ చేయవలసింది భాగహారమైనా సరే.

రేఖాగణితంలో మోసం చేసేది బొమ్మ. సమద్విబాహు త్రిభుజంలో ఒక కోణం 40 డిగ్రీలైతే మిగిలినవి ఎంత అన్న ప్రశ్నకు మీరిద్దరూ 70, 70 అని రాశారు, ఎందుకంటే ఇద్దరూ ఆ 40ని పైశీర్షం దగ్గరే గీశారు. అది అక్కడే ఉందని లెక్క చెప్పలేదు. భూమి, అంటే అడుగు భుజం, దగ్గర ఉంటే రెండో భూకోణం కూడా 40, పైది 100 అవుతాయి. ఈ జవాబూ రాయాలి. ఇచ్చిన కోణం 100 అయి ఉంటే మాత్రం ఒక్క జవాబే, రెండు కోణాలు వందేసి ఉంటే మొత్తం 180 దాటిపోతుంది కదా. ఇవ్వని సంగతి బొమ్మలో నిజంలా కనబడకుండా ఉండాలంటే, ‘ఏదైనా ఒక త్రిభుజం’ అన్నచోట మూడు భుజాలూ స్పష్టంగా వేర్వేరుగా ఉండేలా వంకరగానే గీయండి. నీటుగా గీసిన బొమ్మలో లేని లంబకోణాలు కనబడతాయి.

వచ్చే ఉత్తరంలో ఇది చేసి పంపండి: ఒక సమద్విబాహు త్రిభుజంలో రెండు భుజాలు 4, 9 సెంటీమీటర్లు అయితే చుట్టుకొలత ఎంత? జవాబులు ఒకటా, రెండా అన్నది కారణంతో రాయండి. స్కేలు పట్టుకుని గీసి చూస్తే తప్పేమీ లేదు.

మీ తాతయ్య