జవాబుల వరుస తేడాగా ఉంటే కాపీ కొట్టినట్టేనా?

విజయవాడలో జూనియర్ కాలేజీల వీకెండ్ టెస్టుల ఫలితాలు విశ్లేషించడం నా పని. కష్టమైన బిట్లు రైటై తేలికవి తప్పైన షీట్ కనబడితే చాలు, "పక్కవాడిది చూసుంటాడండీ" అని తేల్చేస్తారు లెక్చరర్లు.

అపోహ: వరుస తప్పిన జవాబులంటే కాపీయే.

వాస్తవం: కష్టమైనది చేసినవాడు తేలికది చేయలేకపోతే ఆ జతను 'గట్‌మన్ తప్పు' అంటాం. కష్టమైనది చేసినవాడు తేలికవీ చేసి ఉండాలనేదే ఇక్కడ వరుస. 1944లో సామాజిక శాస్త్రవేత్త లూయీ గట్‌మన్ అభిప్రాయాల సర్వేల కోసం ప్రతిపాదించిన ఇలాంటి వరుస నుంచి వచ్చిన పేరిది. ఇలాంటివి మరీ ఎక్కువైతే షీట్ పక్కకు తీస్తాం, అంతే. ఎందుకు తప్పిందో లెక్క చెప్పదు. నేను ముందు చూసేది, పిల్లాడు ఒక బిట్ వదిలేసి ఓఎంఆర్‌లో ఆ గడి మాత్రం వదలకుండా దిద్దుకుంటూ పోయాడా అని. కీని ఒక అంకె జరిపి చూస్తే, వదిలేసిన చోటు నుంచి మార్కులు అమాంతం పెరుగుతాయి. పాపం, అప్పటికే వాడికి చీవాట్లు పడి ఉంటాయి.

ఇంకోటి ఈఏపీసెట్ అలవాటు. 3 గంటల్లో 160 బిట్లు, నెగెటివ్ మార్కులు లేవు. ఆఖరి పది నిమిషాల్లో చదవకుండానే మిగిలినవన్నీ పెట్టేస్తారు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెట్టిన 20 బిట్లకు సగటున 5 తగులుతాయి. అందుకే చివర్లో తేలికవి కూడా తప్పు పోతాయి. కొన్నిసార్లు ఒక చాప్టరే పూర్తిగా అందలేదని తెలుస్తుంది. 1970లలో జపాన్‌లో టకహిరో సాటో ఎస్-పి పట్టిక (ఏ విద్యార్థి ఏ ప్రశ్న రైటు చేశాడో చూపే స్టూడెంట్-ప్రాబ్లమ్ పట్టిక) తయారుచేసింది టీచర్లకు ఇలాంటివి చూపించడానికే, దొంగల్ని పట్టడానికి కాదు.

అపోహ: కాపీ కొడితే ఈ లెక్కకు దొరికిపోతారు.

వాస్తవం: బాగా చదివేవాడి పేపరంతా దించేస్తే వరుస చక్కగానే ఉంటుంది! కాపీకి రెండు షీట్లు పక్కపక్కన పెట్టాలి, అదీ ఒకే తప్పు ఆప్షన్లు ఎన్ని కలిశాయో చూడాలి. సీటింగ్ ప్లాన్ కూడా కావాలి.

అపోహ: కంప్యూటర్ చెప్పింది కాబట్టి నిజమే.

వాస్తవం: నిజాయితీగా రాసినవాళ్లలో 5 శాతం షీట్లు కేవలం యాదృచ్ఛికంగా పక్కకు పడేలా హద్దు పెట్టుకుంటే, నిజాయితీగా రాసిన 1000 మందిలోనూ దాదాపు 50 మంది బయటికొస్తారు.

గుంటూరులో కౌన్సెలింగ్ చేసే మిత్రులదీ ఇదే గోల. ఎంఎంపీఐ అనే మానసిక పరీక్షలో, అసాధారణమైన జవాబుల్ని లెక్కించే ఎఫ్ స్కేల్ పెరిగితే నటన అనుకుంటారు ఇంట్లోవాళ్లు. ప్రశ్న అర్థం కాకపోయినా, చదవకుండా టిక్కులు పెట్టినా, నిజంగానే తీవ్రమైన బాధలో ఉన్నా అది పెరుగుతుంది.

టాపర్ షీట్ కూడా చెక్ చేయమంటుంది మేనేజ్‌మెంట్. ఫుల్ మార్కులొచ్చిన షీట్ మీద ఈ లెక్క నడవదు. వరుస తప్పాలంటే ముందు ఒక్క తప్పైనా ఉండాలి కదండీ!